పొయ్యి పక్కన పెల్లెట్లు: తడి తగలకుండా, చూడముచ్చటగా పెట్టుకునే పద్ధతి

పెల్లెట్లు అంటే పొట్టును ఒత్తి చేసిన చిన్న కట్టె గుళికలు. వాటితో మండే పొయ్యి కొత్తగా తెచ్చుకున్న ఇళ్లన్నిటిలో నాకు దాదాపు ఒకటే తీరు కనిపిస్తుంది. పొయ్యేమో తళతళ మెరుస్తుంటుంది. దాని పక్కన మూతి చింపిన ప్లాస్టిక్ సంచి గోడకు ఒరిగి ఉంటుంది. చుట్టూ పొట్టు రాలి ఉంటుంది. గాలికి తెరుచుకోకుండా సంచి మూతి మీద ఒక ఇటుక. వారం తిరిగేసరికి సంచి అడుగు మెత్తబడుతుంది. ఇంకొన్నాళ్లకు పొయ్యి పొగ పెట్టడం మొదలుపెడుతుంది. అప్పుడు ఇంట్లోవాళ్లు పొయ్యిని తిడతారు. నన్నడిగితే ముందు ఆ సంచిని, అది పెట్టిన చోటును చూడాలి.

నేను వడ్రంగి పని చేస్తాను. మాది వరంగల్ దగ్గరి మడికొండ. దర్వాజలు, కిటికీలు, మంచాలతో పాటు ఈ మధ్య కాజీపేట, హనుమకొండ ఇళ్లకు పెల్లెట్ల పెట్టెలు కూడా చేసిస్తున్నాను. మా దిక్కు ఇల్లంతా వేడి చేసుకునేంత చలి లేదు. శివరాత్రికి శివశివా అంటూ పోయే చలే మాది. ఉత్తరానికి పోతే ఆదిలాబాద్, ఆసిఫాబాద్ ఊర్లలో పది డిగ్రీల లోపుకు దిగుతుంది, అక్కడా చలిమంటతో గడిపేస్తారు. కానీ పొద్దున స్నానానికి వేన్నీళ్లు మాత్రం అందరికీ కావాలి. ఇంటి వెనక దించిన చూరు, అదే సాయమానులో రాగి కాగు కింద ఒకప్పుడు కట్టెలు పెట్టేవాళ్లం. ఇప్పుడు కొన్ని ఇళ్లలో అదే కాగు కిందికి చిన్న ఫ్యాన్ ఉన్న పెల్లెట్ల పొయ్యి వచ్చింది. ఇక ఇల్లు వేడి చేసే అసలు రకం పొయ్యి మా మేనల్లుడి ఇంట్లో ఉంది. వాడు ఉండేది అమెరికాలో, మంచు కురిసే ఊరు. వాళ్ల హాల్లో పెట్టెకు కొలతలు నేనే ఫోన్‌లో చెప్పాను. పొయ్యి ఏదైనా పెల్లెట్టు గుణం ఒకటే, కాబట్టి రెండింటి గురించీ చెబుతాను.

ముందు పెల్లెట్టును ఒకటి తీసి అరచేతిలో పెట్టుకొని చూడండి. ఆరు నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల మందం, రెండు మూడు సెంటీమీటర్ల పొడవు. పైన నునుపుగా, కొంచెం మెరుపుగా ఉంటుంది. ఆ మెరుపు ఏ పాలిష్ వల్లా వచ్చింది కాదు. ఆరబెట్టిన పొట్టును రంధ్రాలున్న ఇనుప అచ్చులోంచి గట్టిగా నెట్టినప్పుడు ఆ ఒత్తిడికి, రాపిడి వేడికి కట్టెలో సహజంగా ఉండే లిగ్నిన్ మెత్తబడుతుంది. చల్లారాక అదే గట్టిపడి పొట్టును పట్టి ఉంచుతుంది. మంచి పెల్లెట్టుకు వేరే జిగురు అక్కరలేదు. రెండు వేళ్ల మధ్య విరిస్తే టప్పుమని విరగాలి. గ్లాసు నీళ్లలో వేస్తే మునగాలి, తేలితే అది సరిగా ఒత్తని సరుకు.

మునిగిందని గ్లాసు తీసి పక్కన పెట్టేయకండి, కాసేపు అట్లనే చూడండి. ముందు ఒంటి మీది మెరుపు పోతుంది. తర్వాత అడ్డంగా సన్నటి పగుళ్లు తేలతాయి. ఆ పగుళ్ల దగ్గర ఉబ్బి, వాన తిన్న మట్టిగోడ లెక్క పొరలు పొరలుగా విడిపోతుంది. చివరికి గ్లాసు అడుగున ఉత్త రంపపు పొట్టు మిగులుతుంది. దాన్ని ఎన్ని రోజులు ఎండబెట్టినా మళ్లీ పెల్లెట్టు కాదు. నేను పెట్టె బేరం మాట్లాడేటప్పుడు ఇంటివాళ్లకు మొదట ఈ గ్లాసే చూపిస్తాను. అది చూసినవాళ్లు మళ్లీ సంచిని నేల మీద పెట్టరు.

తడి అంటే నీళ్లే కానక్కరలేదు. ముసురు పట్టినప్పుడు గాలిలో ఉండే చెమ్మ కూడా పెల్లెట్టు పీల్చుకుంటుంది. మంచి పెల్లెట్టులో తేమ పది శాతానికి మించదు. అప్పుడే నరికిన పచ్చి కట్టెలో సగం దాకా నీరే ఉంటుంది. పెల్లెట్టు పొగ లేకుండా మండడానికి ఈ ఆరిన గుణమే కారణం, దాన్ని కాపాడటమే మన పని. చెమ్మ తగిలితే పెల్లెట్లు రాలి పొడి అవుతాయి, ఆ పొడి పెల్లెట్లు కాలే పొయ్యి గిన్నెలోని గాలి రంధ్రాలను మూసేస్తుంది, గాలి అందక పొగ వస్తుంది.

కొనేటప్పుడు దేనితో చేశారో అడగండి. ఉత్త రంపపు పొట్టుతో చేసినవి లేత గోధుమ రంగులో ఉంటాయి, బూడిద చాలా తక్కువ. యూరప్‌లో ఇళ్లకు అమ్మే మొదటి రకం కట్టె పెల్లెట్లలో బూడిద 0.7 శాతం దాటకూడదని నియమం. పత్తికట్టె, పల్లిపొట్టు వంటి పంట వ్యర్థాలతో చేసినవి ముదురు రంగులో ఉంటాయి, బూడిద దానికి ఎన్నోరెట్లు వస్తుంది. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తోలే ఊర్లు మావి, పత్తికట్టెకు కరువు లేదు, చేన్లో కాల్చేసే కన్నా అది పెల్లెట్టు కావడమే నయం. 2021లో కేంద్ర విద్యుత్ శాఖ బొగ్గు కేంద్రాలు కూడా 5 శాతం పెల్లెట్లు కలిపి కాల్చాలని చెప్పింది. అయితే ఫ్యాక్టరీ బాయిలర్ల కోసం చేసే లావు రకం ఇంటి పొయ్యికి పనికిరాదు. తక్కువ ధరకు వస్తుందని తెచ్చుకోవద్దు, చిన్న గిన్నెలో అది సరిగా అంటుకోదు.

ఇప్పుడు లెక్క. నిండా పోసిన పెల్లెట్లు ఒక ఘనపుటడుగుకు సుమారు 18 కిలోలు పడతాయి. ఈ ఒక్క అంకె గుర్తుంటే ఏ డబ్బాలో ఎంత పడుతుందో మీరే చెప్పేయగలరు. అమెరికాలో అమ్మే 40 పౌండ్ల సంచి కూడా సరిగ్గా ఇంతే, అంటే ఒక సంచికి ఒక ఘనపుటడుగు చోటు. మన నూనె డబ్బా, అదే 15 కిలోల చదరపు రేకు డబ్బా, అందులో పదకొండు కిలోల దాకా పడతాయి. నలుగురైదుగురున్న ఇంట్లో స్నానాలకు రోజుకు రెండు మూడు కిలోలు కాలుతాయి. అంటే ఒక్క నూనె డబ్బా నిండా పోసుకుంటే మూడు నాలుగు రోజులు చూసుకోనక్కరలేదు.

పొయ్యి దగ్గర అంతకు మించి పెట్టొద్దు. నా పద్ధతి మొత్తం దీని మీదే నిలబడి ఉంది. పొయ్యికి దగ్గరలో మూడు నాలుగు రోజులది, అదే సాయమానులో అవతలి గోడకు ఒక సంచి పట్టే పెట్టె, మిగతా సంచులన్నీ లోపల పొడి అర్రలో. చాలామంది మొత్తం సరుకును పొయ్యి పక్కనే అందంగా పేర్చుకోవాలని చూస్తారు. అట్లా చేస్తే తడికీ దొరుకుతుంది, నిప్పుకూ దొరుకుతుంది. కొద్దిగానే పెట్టుకుంటే దాన్ని అందంగా చేసుకోవడం కూడా సులువు.

లోపలి అర్ర సంగతి తొందరగా చెప్పేస్తాను. సంచులు నేలకు తగలకూడదు. నాలుగు ఇటుకల మీద రెండు పట్టెలు, వాటి మీద పలకలు వేసి పేర్చండి. గోడకు జానెడు ఎడం ఉంచండి. ఆ ఎడంలో చీపురు తిరగాలి, టార్చి వేస్తే వెనక దాకా కనిపించాలి. చెదలు గోడ పట్టుకొని ఎక్కుతాయి కాబట్టి మట్టి గీత కనిపించిన రోజే తుడిచేయవచ్చు. తేళ్లు చేరినా తెలుస్తుంది. ఎంత ఎత్తు పెట్టాలంటే, మీ వీధికి నీళ్లు వచ్చే అలవాటుంటే మోకాలెత్తు పెట్టండి. 2023 జూలై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ వాన రోజుల్లో వరంగల్, హనుమకొండ కాలనీల్లో ఎన్ని ఇళ్లలోకి నీళ్లు దూరాయో చూసినవాళ్లం. కింది వరుస సంచి తడిస్తే ఉబ్బి సంచినే చీలుస్తుంది, పైన పేర్చినవన్నీ కూలతాయి.

ఇంకొక మాట. గదుల నిండా టన్నులకొద్దీ పెల్లెట్లు పోసి తలుపులు బిగిస్తే వాటిలోంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఊరుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. యూరప్‌లో అట్లాంటి నిల్వ గదుల్లోకి దిగి మనుషులు చనిపోయిన ఘటనలున్నాయి. ఇంట్లో పెట్టుకునే నాలుగైదు సంచులతో అంత ప్రమాదం ఉండదు, అయినా ఆ అర్రకు ఒక కిటికీ ఉండాలి, అందులో ఎవరూ పడుకోవద్దు. దీనికన్నా ముఖ్యమైంది మండుతున్న పొయ్యి. స్నానాల గదిలో తలుపు వేసుకొని లోపల పొయ్యి వెలిగించుకోవద్దు. చలికి అట్లా చేసేవాళ్లున్నారు. ఎంత మంచి పెల్లెట్టయినా, ఎంత పొగ రాని పొయ్యయినా, మూసిన గదిలో ప్రాణం మీదికి వస్తుంది. కాగు కింది పొయ్యి సాయమానులోనే ఉండాలి.

ఇక నాకు ఇష్టమైన భాగం, పొయ్యి దగ్గర పెట్టుకునే చిన్న పాత్ర.

వెదురు గంప అందంగా ఉంటుందని అందరికీ తోస్తుంది. నిజమే, ఉంటుంది. కానీ ఉత్త గంపలో పోస్తే సందుల్లోంచి పొడి రాలుతుంది, చెమ్మ సందుల్లోంచే లోపలికి పోతుంది. మన గుమ్ములకు పేడ, మట్టి కలిపి అలికేవాళ్లు కదా అని ఒకరు అట్లా అలికించారు. వడ్లకు అది మంచిదే, పెల్లెట్లకు మాత్రం ఆ అలుకు చెమ్మ పీల్చి మళ్లీ లోపలికి ఇస్తుంది. అందుకని లోపల రేకు, బయట వెదురు ఉండాలి. నూనె డబ్బా తెచ్చుకొని, పై రేకు మొత్తం కోయించి, కోసిన అంచును లోపలికి మడిచి కొట్టించండి. రేకు పని చేసేవాళ్లు కొద్దిసేపట్లో చేసిస్తారు. మడవకపోతే చెయ్యి పెట్టిన ప్రతిసారీ కోసుకుంటుంది. డబ్బాను వేడి నీళ్లు, బూడిద వేసి రుద్ది, నూనె జిడ్డు పూర్తిగా పోయాక ఎండలో పెట్టాలి. మూలల్లో వేలు పెట్టి చూడండి, జిడ్డు మిగిలేది అక్కడే. జిడ్డుకు పొడి అంటుకొని గడ్డ కడుతుంది.

అప్పుడు ఆ డబ్బాను మేదరి ఇంటికి పట్టుకుపోండి. గంప కొని అందులో డబ్బా దించడం కాదు, డబ్బా చుట్టూ అల్లించుకోవాలి. అడుగు చదరంగా మొదలుపెట్టి, బద్దలను నిలువుగా లేపి, డబ్బా గోడకు వేలు దూరేంత ఎడంతో అల్లుకుంటూ పోతారు. మూలల దగ్గర చూడండి, నిలువు బద్దను తడిపి, మోకాలికి ఆనించి మెల్లగా వంచుతారు, పచ్చి పెచ్చు బయటికి, తెల్ల పొర లోపలికి. పెచ్చు బయటికి ఉంటేనే ఏళ్లు గడిచేకొద్దీ తేనె రంగు పట్టి మెరుస్తుంది. డబ్బా అంచు కన్నా రెండు వేళ్లు ఎత్తుకు అల్లించి, పై అంచును లావు బద్దతో కట్టించుకోండి. రెండు దిక్కులా పట్టుకోవడానికి చెవులు పెట్టించుకోండి, నిండిన డబ్బా బరువే. మూత నేను చేసిస్తాను, టేకు ముక్క మీద రందా పట్టి నునుపు చేసి, కింద డబ్బాలోకి దిగేలా ఒక చిన్న చట్రం. మూత పట్టుకోవడానికి పెంబర్తి నుంచి తెచ్చిన ఇత్తడి బొడిపె బిగిస్తాను. పెంబర్తి ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు ఉంది, మా దిక్కు పని, మా ఇంట్లో కనబడాలని నా కోరిక. రోజూ చెయ్యి తగిలే చోట ఇత్తడి దానంతటదే మెరుస్తుంది, చింతపండు పెట్టి తోమే పని ఉండదు.

తీసుకోవడానికి ప్లాస్టిక్ మగ్గు వాడకండి. ఇంట్లో మూలన పడ్డ, గింజలు కొలిచే పాత తవ్వ ఉంటే తీయండి. ఇత్తడిదైనా ఇనుపదైనా సరే. ఒకసారి తవ్వెడు పెల్లెట్లు తూకం వేసుకుంటే కాగు నీళ్లకు ఎన్ని తవ్వలు పడతాయో రెండు రోజుల్లో తెలిసిపోతుంది. ఆ తర్వాత ఎవరు వెలిగించినా కొలత ఒకటే. తవ్వ డబ్బాలోనే ఉండనివ్వండి, మూత దాని మీద మూసుకోవాలి.

పొయ్యికి ఈ గంప ఎంత దూరంలో ఉండాలి? కనీసం మూడడుగులు. మీ పొయ్యితో వచ్చిన పుస్తకంలో ఇంకా ఎక్కువ రాసి ఉంటే అదే పాటించండి. పక్కన అంటే చెయ్యి చాపితే అందేంత అని అనుకుంటారు, కాదు, లేచి ఒక్క అడుగు వేస్తే అందేంత. హనుమకొండ నయీంనగర్‌లో ఒక ఇంట్లో ఆమె అడిగింది, "అన్నా, గింత దూరముంటే పొయ్యి పక్కకున్నట్టు ఎట్లయితది, చూసెటోళ్లకు జోడు లెక్క కనబడాలె గదా" అని. ఆమె మాటలో న్యాయముంది. పొయ్యి కింద, గంప కింద ఒకటే షాబాదు బండ పొడుగ్గా పరిపించాను. ఐదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. ఒక చివర పొయ్యి, ఇంకో చివర గంప. మధ్య ఖాళీగా ఉన్నా బండ రెండింటినీ కలిపేసింది. నిప్పురవ్వ పడినా బండకేమీ కాదు, పొట్టు రాలితే తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే పోతుంది. అప్పటి నుంచి ఏ ఇంటికైనా ముందు బండ పరిపించాకే మిగతా పని.

బూడిద డబ్బా మాత్రం ఆ బండ మీద గంప దిక్కు పెట్టకండి. బూడిద చల్లగా కనిపిస్తుంది, లోపల నిప్పు కణిక రోజంతా, ఒక్కోసారి రెండు మూడు రోజులు కూడా బతికే ఉంటుంది. ఇనుప బకెట్, దానికి ఇనుప మూత, పెట్టే చోటు పొయ్యికి అవతలి దిక్కు, వీలైతే బయట గచ్చు మీద. పత్తికట్టె పెల్లెట్లు వాడేవాళ్లకు ఈ బకెట్ తొందరగా నిండుతుంది, కాబట్టి పెద్దది చూసుకోండి.

ఇప్పుడు ఒక సంచి పట్టే పెట్టె. మీ ఊరి వడ్రంగితో చేయించుకోవడానికి కొలతలు ఇస్తున్నాను. ముందు నుంచి చూస్తే లోపలి కొలత 18 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల లోతు, 24 అంగుళాల ఎత్తు, కింద నాలుగంగుళాల కాళ్లు. ముప్పావు అంగుళం మందం, తడికి ఆగే మెరైన్ ప్లై, చుట్టూ టేకు చట్రం. పొట్టుతో ఒత్తిన బోర్డు వాడొద్దు, పెల్లెట్లకు వచ్చే జబ్బే దానికీ వస్తుంది, చెమ్మకు ఉబ్బుతుంది. లోపల అడుగు పలకను వెనక నుంచి ముందుకు 45 డిగ్రీల వాలుతో బిగించాలి. అంతకన్నా తక్కువ వాలు ఉంటే పెల్లెట్లు జారవు, వెనక మూలలో పాత సరుకు అట్లనే మిగిలిపోతుంది, పొడి అయ్యేది ఆ పాత సరుకే. వాలు పలక మీద జింకు పూత ఉన్న సన్నటి జీఐ రేకు పరిపిస్తే జారుడు బాగుంటుంది. వాలు పోను లోపల సుమారు రెండున్నర ఘనపుటడుగులు మిగులుతుంది, అంటే 45 కిలోల దాకా. నలభై కిలోల సంచి పోసినా పైన మూతకు చోటుంటుంది.

ముందు పలక అడుగున ఆరంగుళాల వెడల్పు, నాలుగంగుళాల ఎత్తు కిటికీ కోసి, పైకి జరిగే పలక పెట్టాలి. పనితనం ఇక్కడే ఉంది. పలక కింది అంచు మొద్దుగా ఉంటే మూసేటప్పుడు ఒక పెల్లెట్టు కింద ఇరుక్కుంటుంది, పలక దిగదు, బలవంతం చేస్తే పెల్లెట్టు నలిగి గాడిలో పొడి నిండుతుంది. ఆ అంచును లోపలి దిక్కు నుంచి రందాతో వాలుగా, పదును వచ్చేదాకా చెక్కాలి. అప్పుడు పలక దిగేటప్పుడు పెల్లెట్టును లోపలికి నెట్టేస్తుంది. గాడికి నూనె పెట్టకూడదు, పొడి పట్టుకుంటుంది. కొవ్వొత్తి ముక్కతో రుద్దితే చాలు. కిటికీ ముందు చిన్న రేకు పళ్లెం, గంపలోకి నింపేటప్పుడు రాలినవి అందులో పడతాయి.

ఇంకొకటి, కిటికీకి పైన నిలువుగా రెండంగుళాల వెడల్పు, అడుగు పొడవు చీలిక కోసి అద్దం బిగించండి. ఎంత సరుకు ఉందో మూత తీయకుండానే తెలుస్తుంది. అద్దం వెనక లేత గోధుమ రంగు పెల్లెట్లు అడ్డదిడ్డంగా పేరుకొని ఉండటం చూడటానికి కూడా చాలా బాగుంటుంది. టేకు రంగు, ఆ రంగు ఒకదానికొకటి సరిపోతాయి. పెట్టె పూర్తిగా అద్దంతో చేయమన్నవాళ్లున్నారు. నేను వద్దన్నాను. కొన్నాళ్లకు అద్దం లోపల పొడి అంటి మసకబారుతుంది, అంత పెద్ద అద్దాన్ని లోపల తుడవడానికి పెట్టె ఖాళీ చేయాలి. చీలికకైతే గుడ్డ కట్టిన పుల్ల చాలు.

చెక్కడాల గురించి నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. వరంగల్‌లో చెక్క పని అనగానే కాకతీయ తోరణం చెక్కమంటారు. ఆ తోరణం మీద నాకు ఎంత గౌరవమో, చిన్నప్పటి నుంచి కోటలో రాతి మీద ఆ పనిని వేలితో తడుముతూ పెరిగినవాణ్ణి. పెల్లెట్ల పెట్టె మీద మాత్రం వద్దు. ఇది రోజూ పొడి రాలే పెట్టె, ప్రతి గంటులో, ప్రతి హంస మెడ కింద పొట్టు పేరుకుంటుంది. ఆ రాతిపని అందం నీడ వెలుగుల్లో ఉంది, పొట్టుతో నిండిన గంటులో నీడ ఉండదు. పెట్టెకు నున్నటి పలకలు, అంచులకు సన్నటి గుండ్రం, నరాలు ఒకే దిక్కుకు వచ్చేలా ఏరిన టేకు చాలు. ముందు పలకలో, కిటికీ పలకలో టేకు నరం తెగకుండా కలిసేలా ఒకే ముక్క నుంచి కోయమని మీ వడ్రంగితో చెప్పండి. మూసినప్పుడు ఎక్కడ కోశారో కనిపించదు. అది చేయగలిగినవాడికి తోరణం చెక్కడం వచ్చా రాదా అని అడగక్కరలేదు. పైన లక్క పాలిష్ వేయొద్దు, వేన్నీళ్లు చిందితే తెల్ల మచ్చలు పడతాయి. నాలుగు పూతలు వార్నిష్ వేయించండి, అడుగు భాగానికి కూడా.

పాత ఇల్లు కూల్చిన దర్వాజ రెక్కలుంటే, వాటితో పెట్టె చేయించుకోవడం ఇంకా మంచిది. ములుగు అడవి టేకు ఏళ్ల తరబడి ఎండి వానకు తడిసి అలవాటు పడ్డది, ఇక వంగదు. మేకులన్నీ తీశాకే రంపం పెట్టమనండి.

మా మేనల్లుడి ఇంట్లో లెక్క వేరు. అక్కడ పొయ్యి హాల్లోనే, గాజు తలుపుతో, మంట కనిపించేలా ఉంటుంది. గట్టి చలిలో రోజుకు ఒక సంచి కాలుతుంది. వాడికి వాలు పెట్టె చెప్పలేదు. సంచి ఎత్తి నేరుగా పొయ్యి తొట్టిలోకి పోసుకుంటాడు కాబట్టి, మూడు సంచులు పట్టే బెంచీ పెట్టె చెప్పాను. సంచులు విప్పకుండానే అందులో పెడతాడు. ఎత్తు కూర్చోవడానికి సరిపోయే 18 అంగుళాలు, మూత వెనక్కి తెరిచాక ధన్‌మని పడకుండా నిలిపే కబ్జాలు, ఎందుకంటే ఇంట్లో చిన్న పిల్ల ఉంది. మూత మీద మా చెల్లె ఇక్కడి నుంచి పట్టుకుపోయిన వరంగల్ జంపఖానా మడిచి పరిచింది. ఎరుపు, నీలం చారలది. 2018లో వరంగల్ జంపఖానాలకు కూడా భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచు ఊరి హాల్లో ఆ చారలు చూస్తే నాకు వరంగల్ కొత్తవాడ మగ్గాలు గుర్తొచ్చాయి. జంపఖానా నూలుది, అంటుకుంటుంది, కాబట్టి బెంచీ పొయ్యికి నాలుగడుగుల దూరంలో ఎదురు గోడకు ఉండాలని గట్టిగా చెప్పాను. "మామయ్యా, చలికి పొయ్యి దగ్గర కూసోవాలనే గద బెంచీ" అన్నాడు. కూర్చోవడానికి వేరే చెక్క స్టూలు వేసుకోమన్నాను. మిగతా సరుకు వాడి గ్యారేజీలో, చెక్క పలకల మీద, సంచులు విప్పకుండా.

ఎవరికైనా చెప్పేది, సంచిని పెట్టెలోకి గుమ్మరించే ముందు సంచి అడుగున ఉండే పొడిని వేరు చేయండి. మూడు మిల్లీమీటర్ల కన్నాలున్న జల్లెడ చాలు. చివరి నాలుగైదు కిలోలు దాని మీద పోసి ఊపితే పొడి కింద పడుతుంది. ముక్కుకు గుడ్డ కట్టుకోండి, మండుతున్న పొయ్యికి దూరంగా బయట చేయండి, ఆ పొడి గాలిలో లేస్తే మంటకు అంటుకుంటుంది. పెట్టె పూర్తిగా ఖాళీ అయినప్పుడే కొత్త సంచి పోయండి, పాతదాని మీద కొత్తది పోస్తూ పోతే అడుగు ఎప్పటికీ కనిపించదు.

శివరాత్రి తర్వాత వేన్నీళ్ల పని తగ్గుతుంది. మిగిలిన పెల్లెట్లను పెట్టెలో వదిలేయకుండా సంచిలోకి తీసి, మూతి మడిచి గట్టిగా కట్టి, లోపలి అర్రలో పలకల మీదికి చేర్చండి. పెట్టెను ఒకరోజు నీడలో తెరిచిపెట్టి, గాడి దులిపి, కొవ్వొత్తి రుద్ది మూయండి. వానాకాలంలో ఆ పెట్టె ఖాళీగానే ఉండాలి, అందులో బట్టలూ పాత పేపర్లూ కుక్కితే చెమ్మ పడుతుంది. తడిసి పొంగిన పెల్లెట్లు ఏమైనా ఉంటే పొయ్యిలో వేయకండి. బర్రె కట్టేసే చోట కింద చల్లితే మూత్రం పీల్చుకుంటాయి, లేకపోతే మల్లెచెట్టు మొదట్లో వేలెడు మందం పరిస్తే ఎండాకాలం మట్టి తొందరగా ఆరిపోదు. పొట్టు మొదలుకు ఆనకుండా చుట్టూ జానెడు ఎడం వదలండి.